రాజమల్లు మేస్త్రి కోసిన నాలుగు కాళ్లు

చంద్రపూర్‌లో గోల్ బజార్ వెనుక సందులో మిషన్లు అమ్మే దుకాణం ఒకటుంది. మొన్న నేనూ మా ఆయనా అక్కడికి వెళ్లాం. కొత్త రంపం మిషను ఎంత బాగా కోస్తుందో చూపించాలని దుకాణంవాడు ఒక టేకు ముక్కను దానిమీద పెట్టి గబగబా తోశాడు. ముక్క కొంచెం వంకరగా వెళ్లింది, అంచు మాడింది, వాసన లేచింది. మామూలుగా కోస్తే టేకు వాసన నూనెలా కమ్మగా ఉంటుంది. మాడితే మాత్రం తోలు కాలినట్టు ముక్కు పుటాలు అదిరిపోతాయి. ఆ మాడు వాసన తగిలితే చాలు, నా చెవిలో ఒక గొంతు మోగుతుంది. "ఎవడ్రా అది, చెక్కను కోస్తున్నవా, కాలుస్తున్నవా?" అది రాజమల్లు మేస్త్రి గొంతు. దుకాణం మధ్యలో నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. ఎండ దెబ్బ తగిలిందేమోనని మా ఆయన నా వంక కాస్త భయంగా చూశాడు.

మేం వెళ్లింది ఇంటి వెనుక రేకుల షెడ్డులో పెట్టుకోవడానికి ఒక రంపం మిషను కొనడానికి. అంటే బల్లలాంటి రేకు మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరుగుతూ ఉంటుంది, మనం చెక్కను బల్లమీద పెట్టి దాని మీదికి తోస్తాం. దుకాణంలో రెండు మిషన్లు నాకు నచ్చాయి. ఒకటి బరువైనది. పైన పోత ఇనుము బల్ల, కింద నేలకు అతుక్కున్నట్టుండే మూసిన ఇనుప డబ్బా. రెండోది తేలికైనది. మోటారు చిన్నది, కానీ నాలుగు కాళ్ల స్టాండు, ఆ కాళ్లను మరలు తిప్పి పైకీ కిందికీ చేసుకోవచ్చు. దుకాణంవాడు బరువైనదాని గొప్పలన్నీ మా ఆయనకు చెప్పి, తేలికైనదాన్ని నాకు చూపించి, "తాయీ, ఆడవాళ్లకు ఇది చాలు" అన్నాడు మరాఠీలో, తాయీ అంటే అక్కా అని. మా ఆయన బ్యాంకులో పనిచేస్తాడు. మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే మనిషి. "నాకేం తెల్వదు సేఠ్, మిషను ఆమెది. నేను సంచి మోయడానికొచ్చిన" అన్నాడు. దుకాణంవాడు అప్పుడు నా చేతుల వంక చూశాడు. చూడనీ అనుకున్నాను.

నేను బొగ్గుగని కార్మికుడి కూతురిని. మా నాయన తెలంగాణ నుంచి గనిలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక మా ఆయన దగ్గర నేర్చుకున్నాను కాబట్టి ఈ రాతలో తప్పులుంటే ఆ మాట ఆయననే అడగాలి. పదో తరగతి తర్వాత ఐటీఐలో వడ్రంగం తీసుకున్నాను. కుట్టుపని తీసుకోమని వాడకట్టంతా చెప్పింది. సూదిలో దారం ఎక్కించేంత ఓపిక నాకు లేదని మా అమ్మకు తెలుసు, ఆమె ఒక్కతే ఏమీ అనలేదు. ఆ తర్వాత ఒక ఫ్యాక్టరీలో వడ్రంగి విభాగంలో అప్రెంటిసుగా చేరాను. సరుకు పంపే చెక్కపెట్టెలు, కాలనీ క్వార్టర్లకు తలుపులు, కిటికీలు అక్కడ చేసేవాళ్లు. ఏడాది చివర మిషను మీద పరీక్ష పెడతారు. నెగ్గితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. నాకంటే ముందు వచ్చిన ఆడపిల్లలకు ఏడాదంతా పాలిష్ కాగితంతో చెక్కలు రుద్దే పనే ఇచ్చారట. ఎన్నడూ ముట్టని మిషను ముందు పరీక్షనాడు నిలబెడితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఒక్కరికీ ఉద్యోగం రాలేదు. మా ఇంట్లో నాయనకు ఊపిరాడని దమ్ము జబ్బు మొదలైంది, గనికి పోయే రోజులకంటే పోని రోజులే ఎక్కువయ్యాయి. ఆ ఉద్యోగం నాకు కావాలి. సరదాకు కాదు, కావాలి.

ఆ విభాగానికి పెద్దాయన రాజమల్లు మేస్త్రి. అందరూ మేస్త్రీ అనేవాళ్లు, మా నాయనకు తెలిసినవాడు కాబట్టి నేను చిన్నాయన వరసలో కాకా అనేదాన్ని. పెద్ద గొంతు, పెద్ద మీసం. నిండా రంపపు పొట్టు ఎగిరే చోటికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చి, సాయంత్రం అదే తెల్లదనంతో ఇంటికి పోయేవాడు. అదెలా సాధ్యమో మాలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆయన ఊరు సరిహద్దు మీద జివతి గుట్టల్లో ఉంది, రెండు రాష్ట్రాలూ మాదంటే మాదనే ఊళ్లలో ఒకటి. "రెండు సర్కార్లు నాకు గావాలె నాకు గావాలెనని కొట్లాడుకుంటున్నయంటే మా ఊరెంత గొప్పదో సూడుండ్రి" అనేవాడు. ఆ ఊరికి రెండు సర్కార్లూ సరైన రోడ్డు వెయ్యలేదని మేం గుర్తుచేస్తే వినపడనట్టు మీసం సవరించుకునేవాడు. అణకువ అనే గుణం ఆయనలో వెతికినా దొరకదు. తన పనిమీద, తన మీసంమీద, తన కింద పనిచేసేవాళ్లమీద ఆయనకు పట్టరానంత గర్వం.

నాకూ మొదట పాలిష్ కాగితమే ఇచ్చాడు. వానలు వచ్చి పోయాయి, నేను రుద్దుతూనే ఉన్నాను. ఒకరోజు చెయ్యి ఆపి ఎదురుగా వెళ్లి అడిగాను. "కాకా, నన్ను మిషన్ మీద ఎప్పుడు నిలబెడ్తవ్?" ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. చూడడానికి పెద్దగా ఏమీ లేదు, నేను పొట్టిదాన్ని. మిషను బల్ల నా మోచేతులకంటే పైకి వచ్చేది. "నిలబడు" అన్నాడు. మిషను బందు ఉన్నప్పుడు నిలబెట్టి, ఒక చెక్క ఇచ్చి తోయమన్నాడు. భుజాలు రెండూ చెవులదాకా లేచాయి. చెక్క చివరికి వచ్చేసరికి మునివేళ్ల మీద లేచి, బ్లేడుమీదికి వంగాల్సి వచ్చింది. ఆయన ఏమీ అనకుండా చెక్క తీసుకుని వెళ్లిపోయాడు. కాస్త తిట్టినా బాగుండేదనిపించింది.

మిషను నడిపే శంకర్ భావు, అంటే శంకరన్న, ఇదంతా చూశాడు. తాడిచెట్టంత మనిషి, వెన్నలాంటి మనసు. మర్నాడు పొద్దున నాకోసం పాత పెట్టె పలకలతో ఒక పీట చేసుకొచ్చాడు. "ఘే పోరీ, ఆతా ఉభీ రాహా" అన్నాడు, ఇదిగో పిల్లా ఇక నిలబడు అని. పీట ఎక్కితే బల్ల సరిగ్గా అందింది. నా ఆనందానికి అంతులేదు. అంతలో మేస్త్రి వచ్చాడు. పీట చూశాడు, పీట మీద నన్ను చూశాడు. "వెనక్కి సూడకుంట ఒక్క అడుగు వెనక్కెయ్యి" అన్నాడు. వేశాను. పీట అయిపోయింది, కాలు గాల్లో పడింది, పట్టుకోవడానికి చేతులు వాటంతటవే ముందుకు పోయి బల్లమీద పడ్డాయి, బ్లేడుకు రెండు పక్కలా. బ్లేడు తిరగడం లేదు కాబట్టి ఇవాళ ఈ చేతులతో రాస్తున్నాను. "సూసినవా?" అన్నాడు ఆయన మెల్లగా. శంకర్ భావు ముఖం పాలిపోయింది. ఆ పీటను మేస్త్రి అప్పటికప్పుడు విరగ్గొట్టించి చాయ్ పొయ్యిలో పెట్టించాడు. నేను మళ్లీ పాలిష్ కాగితం దగ్గరికి వచ్చాను. ఇక అయిపోయిందనుకున్నాను. ఆ రోజు చెక్క పొట్టు కళ్లలో పడిందని చెప్పి ఏడ్చాను.

తర్వాత మూడు నాలుగు రోజులు ఆయన మిషను చుట్టూ తిరుగుతూ కనపడ్డాడు. ఒకసారి వంగి కాళ్లు చూసేవాడు, ఒకసారి మోటారు కింద చెయ్యి పెట్టి జాగా ఎంతుందో చూసేవాడు. ఓ పొద్దున అందరూ ఉండగానే నన్ను పిలిచి, చేతులు కిందికి వేలాడేసి తిన్నగా నిలబడమన్నాడు. నా మోచేతికి కాస్త దిగువన ఒక కొలత కడ్డీ ఆనించి దానిమీద సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. తర్వాత మిషను దగ్గరికి పోయి నాలుగు కాళ్లకూ నాలుగు వేళ్ల మేర గీతలు గీశాడు. చైన్ పుల్లీతో మిషనును లేపించి, కింద దుంగలు పెట్టించి, ఇనుము కోసే రంపం తానే పట్టుకుని కూర్చున్నాడు. శంకర్ భావు గాబరా పడ్డాడు. కంపెనీ మిషను, పైవాళ్లను అడగలేదు, రేపు అడిగితే ఏం చెప్తామన్నాడు. మేస్త్రి చెయ్యి ఆపలేదు. "మనిషిని పీటెక్కిచ్చుడు కాదు శంకర్, మిషన్‌నే దించాలె. గిది కింద వడ్తె మల్ల లేపొచ్చు. గా పిల్ల వడ్తె ఎట్ల లేపుతవ్?" అన్నాడు. మధ్యాహ్నానికి నాలుగు ఇనుప ముక్కలు నేలమీద ఉన్నాయి. ఆయన తెల్లచొక్కా ఆ ఒక్కరోజే నల్లబడింది.

సంగతి మేనేజరుగారికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన ఆంధ్ర నుంచి వచ్చిన ఇంజనీరు, మంచివాడే. నియమం అంటే నియమం అనే మనిషి. వచ్చి, మిషను చుట్టూ ఒకసారి తిరిగి, నేలమీది ముక్కలు చూశాడు.

"ఏంటయ్యా రాజమల్లూ, కంపెనీ మిషను కాళ్లు నరికేశావా? ఎవర్నడిగి చేశావు?"

"అడిగితె వద్దంటరని అడగలేదు సార్."

"ఒక్క అమ్మాయి కోసం మిగతావాళ్లంతా నడుము వంచాలా?"

"శంకర్ జర కాళ్లు ఎడం వెట్టి నిలబడ్తడు సార్. పొడుగోడు పొట్టిగైతడు గని, పొట్టిది పొడుగెట్లయితది?"

మేనేజరుగారికి నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. "మెమో ఇవ్వక తప్పదయ్యా. రేపు ఎవరో ఇంకో మిషను కాళ్లు కోస్తే నేనేం జవాబు చెప్పను?" అన్నాడు. ఆ మాటా న్యాయమే. "ఇయ్యుండ్రి సార్. పేరు పూర్తిగ రాయిండ్రి, ఇంకెవలో కోసిండ్రని అనుకోవద్దు" అన్నాడు మేస్త్రి. నేను చెక్కల వెనుక నిలబడి వింటున్నాను. ఆ ఏడు ఫోర్‌మన్ పదవి ఆయనకే వస్తుందని అందరికీ తెలుసు. ఆయన భార్య అప్పటికే నలుగురికీ చెప్పుకుంది కూడా. మెమో వచ్చాక ఆ పదవి వేరే విభాగంలో ఒకాయనకు వెళ్లింది. మేస్త్రి మేస్త్రిగానే రిటైరయ్యాడు. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. "నా కొరకు గింత నష్టం ఎందుకు వెట్టుకున్నవ్ కాకా?" ఆయన నా వంక చూడకుండా బల్లమీది పొట్టు దులిపాడు. ఆయనకూ బాధగానే ఉందని అప్పుడు తెలిసింది. తర్వాత మీసం మీదికి చెయ్యి పోయింది. "ఫోర్‌మన్‌లు మస్తుమంది అయితరు బిడ్డా. కంపెనీ మిషన్ కాళ్లు కోసినోణ్ని ఈ జిల్లా మొత్తంల నేనొక్కణ్నే."

ఆ తర్వాత మొదలైంది అసలు చదువు. మొదట చాలా రోజులు బందు ఉన్న మిషను మీదే తోయించాడు. ఎడమ కాలు ఎక్కడుండాలి, బరువు దేనిమీద పడాలి, చెక్క చివరికి వచ్చేసరికి చెయ్యి తీసి తోసే కర్రతో ఎలా నెట్టాలి, చెక్క బ్లేడుకు అడ్డం తిరిగి మన మీదికే ఎగిరొస్తే తగలకుండా ఏ పక్కకు నిలబడాలి, అన్నీ చప్పుడు లేని మిషను మీదే. విసుగొచ్చేది. విసుగు ముఖం మీద కనపడితే మళ్లీ మొదటినుంచి చేయించేవాడు. చివరికి ఒకనాడు మోటారు వేసి తాను దూరంగా వెళ్లి, నాకు వీపు తిప్పి నిలబడ్డాడు. చూడడా అని అడిగితే, "సూసుడెందుకు, ఇనపడ్తది" అన్నాడు. నిజమే, చెక్కను సరిగ్గా తోస్తే మిషను గొంతు మారదు. నా మొదటి పలక మొత్తం ఒకే గొంతుతో కోసుకుపోయింది. ఆయన తిరిగి చూసి మీసం దువ్వుకున్నాడు. నన్ను మెచ్చుకోలేదు. తన మీసాన్ని మెచ్చుకున్నట్టుంది.

పరీక్షనాడు బయటినుంచి వచ్చిన పరీక్షకుడు బల్ల ఇంత కిందికుందేమని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే శంకర్ భావు, "సాహెబ్, మా దగ్గర మిషను మనిషి కొలతకు ఉంటుంది" అన్నాడు, ఎప్పటినుంచో ఉన్న పద్ధతిలాగా. పరీక్షకుడు తల ఊపి రాసుకున్నాడు. చెక్క నా చేతికి ఇచ్చారు, కోశాను, మూలమట్టం పెట్టి చూశారు, వెలుతురు దూరలేదు. నెగ్గాను. కబురు విన్న మేస్త్రి క్యాంటీన్‌లో పెళ్లివారిలా తిరుగుతూ అందరికీ పేడాలు పంచాడు. "మా పొల్ల" అన్నాడు. మా నాయన కూడా నన్నెప్పుడూ అంత గట్టిగా నా కూతురని చెప్పుకోలేదు.

ఆయన రిటైరయ్యాక కొన్నేళ్లకు ఆ విభాగం బాధ్యత నాకు వచ్చింది. శంకర్ భావు కూడా వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో గోండ్‌పిప్రి వైపు నుంచి ప్రఫుల్ అనే మనిషి వచ్చాడు, శంకర్ భావుకంటే ఇంకో జానెడు పొడుగు. శంకర్ భావులా కాళ్లు ఎడం పెట్టి నవ్వుతూ సర్దుకుపోయే రకం కాదు. సాయంత్రమయ్యేసరికి నడుము పట్టేస్తోందని వచ్చి సూటిగా చెప్పాడు. మొదట నాకు కోపం వచ్చింది. ఆ కాళ్లు నాకు కాళ్లు కావు, గుడి మెట్లు. వాటి జోలికి వస్తే ఊరుకుంటానా? రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. మూడో రోజు ప్రఫుల్ పలక తోస్తుంటే పక్కనుంచి చూశాను. వీపు విల్లులా వంగి, తల బ్లేడుకు దగ్గరగా వస్తోంది. నాకు బల్ల ఎత్తు ఎక్కువై వచ్చిన ప్రమాదమే అతనికి ఎత్తు తక్కువై వస్తోంది. ఈసారి పైవాళ్లను అడిగాను, ఒప్పుకున్నారు కూడా. నాలుగు కాళ్లకూ మరలు బిగించిన ఇనుప పాదాలు వేయించాను. అతను నిలబడే పూట తిప్పి లేపుకుంటాడు, నేను నిలబడే పూట తిప్పి దించుకుంటాను.

మా విభాగంలో ఒక ఆనవాయితీ ఉంది. దసరాకు మిషన్లకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు కట్టేటప్పుడు రిటైరైన పెద్దలను పిలుస్తాం. కొబ్బరికాయ కొట్టడం రాజమల్లు మేస్త్రి హక్కు. బల్లమీద మాత్రం కొట్టనిచ్చేవాడు కాదు, కొబ్బరినీళ్లకు పోత ఇనుము తుప్పు పడుతుందని గుమ్మం బయట రాయి మీద కొట్టేవాడు. ఆ పాదాలు వేయించిన ఏడూ వచ్చాడు, తెల్లచొక్కా, తెల్లబడిన మీసం. మిషను ఆ పూట ప్రఫుల్ ఎత్తులోనే ఉండిపోయింది, దించడం మరిచాం. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఉద్యోగం పణంగా పెట్టి కోసిన కాళ్లు అవి. దగ్గరికి వచ్చి, మోకాళ్లు పట్టుకుని వంగి, ఒక్కో కాలూ తడిమి చూశాడు. "ఎవలు చేసిండ్రు?" అన్నాడు. "నేనే కాకా" అన్నాను. ప్రఫుల్‌ను పిలిచి బల్ల దగ్గర నిలబెట్టాడు, అతని మోచెయ్యి చూశాడు. తర్వాత నన్ను నిలబెట్టి, మరలు తిప్పించి, నా మోచెయ్యి చూశాడు.

"నాకు దించుడొక్కటే తెలిసె. నువ్వు లేపుడు గూడ నేర్సినవ్. నాకన్న రెండాకులు ఎక్కువ సదివినవ్ బిడ్డా" అన్నాడు. అని, చేతిలో ఉన్న కొబ్బరికాయ నా చేతిలో పెట్టాడు. నేను వద్దంటే, "మేస్త్రి కొట్టాలె. పో" అన్నాడు. ఆయన నోటినుంచి ఆ మాట నన్ను ఉద్దేశించి రావడం అదే మొదటిసారి. కాయ సరిగ్గా రెండు చెక్కలైంది. సాయంత్రం అందరం సోనం, అంటే బంగారం అని పిలుచుకునే దసరా ఆకులు పంచుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటుంటే ఆయన ప్రతివాడికీ ఆ పాదాల సంగతే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కథలో తన వాటా కాస్త పెరుగుతూ పోయింది. పెరగనిచ్చాను. ఆయన పోయి ఇప్పటికి కొన్నేళ్లయింది. పెట్టెలు బయటినుంచే కొనడం మొదలయ్యాక కిందటేడు మా విభాగం కూడా మూతపడింది, ఆ మిషను వేలంలో ఎటో వెళ్లిపోయింది. దుఃఖం ఉంది. కానీ ఆయనను తలచుకుంటే నాకు ముందు వచ్చేది దుఃఖం కాదు, ఆ మనిషి చేతి కింద పనిచేశానన్న గర్వం. ఇవాళ్టికీ కొత్త మనిషి ఎదురైతే నేను ముందు చూసేది అతను ఏం చేయలేడన్నది కాదు, అతనికి ఏం అందడం లేదన్నది. అది నా తెలివి కాదు, ఆయన నాలో వదిలి వెళ్లింది.

దుకాణంలో ఆ రోజు రెండు మిషన్లనూ మళ్లీ ఒకసారి చూశాను. బరువైనది వణకదు, పలక తిన్నగా పోతుంది, కానీ దాని డబ్బా నాకు ఎత్తు, మా ఆయనకు తక్కువ. ఆయనకు ఈ పని రాదు కదా అంటారేమో. నాకు అక్షరాలు నేర్పిన మనిషికి నేను పలక తోయడం నేర్పకుండా ఉంటానా? తేలికైనదాని కాళ్లు బాగున్నాయి, పైన సత్తువ లేదు. దుకాణంవాడితో, బరువైన మిషనే కావాలి, కింది డబ్బా విప్పేసి దానికి తగ్గ మరల కాళ్ల స్టాండు నేను చేయించుకుంటాను అన్నాను. అతను కంగారుగా, "తాయీ, డబ్బా విప్పితే వారంటీ పోతుంది" అన్నాడు. పోతే పోనివ్వమన్నాను. అతను ఈసారి మా ఆయనను కాకుండా నన్నే అడిగాడు. "కుఠే శికలాత్ తాయీ?" ఎక్కడ నేర్చుకున్నారని. ఐటీఐ పేరు చెప్పొచ్చు, ఫ్యాక్టరీ పేరు చెప్పొచ్చు. రాజమల్లు మేస్త్రి దగ్గర అన్నాను. ఆయనెవరో ఆ దుకాణంలో ఎవరికీ తెలియదు. అయినా పక్క దుకాణందాకా వినపడేలా చెప్పాను.